పిడికెడు పడవకి చక్రమెందుకండీ?

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు వెనకటికి. మా చెల్లెలింటికి పడవ ఇంకా రానేలేదు, ఆ పడవని ఎలా తిప్పాలన్న దాని మీద మొగుడూ పెళ్ళాలకి మూడు నెలల పాటు యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో నన్ను మధ్యవర్తిగా పెట్టారు. నేను మధ్యవర్తిత్వం చెయ్యలేదు. మొదటి రోజే ఒక పక్షానికి ఫిరాయించాను. ఫిరాయించినందుకు పశ్చాత్తాపం లేదు సరిగదా, అవకాశం దొరికితే నలుగురిలో చెప్పి ఇంకో పదిమందిని ఆ పక్షంలో చేర్చాలని ఉంది. అందుకే ఈ గొడవంతా మీ ముందు పెడుతున్నాను.

పడవల సంగతి నీకేం తెలుసమ్మా అంటారేమో. అనండి. నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలూ, భౌతికశాస్త్రమూ పదో తరగతిలోనే నన్ను చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాయి. కానీ కోనసీమలో పుట్టిపెరిగినదాన్ని. అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలంటే కోటిపల్లి రేవులో పడవెక్కి, గోదావరి దాటి, ముక్తేశ్వరం వైపు దిగాలి. ఆ పడవ వెనక చుక్కాని దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. బారెడు కర్ర చంకలో ఇరికించుకుని చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. కళ్ళు అవతలి ఒడ్డు మీద, చెవులు మా అమ్మ చెప్పే కబుర్ల మీద. ఉన్నట్టుండి, “గాలి తిరిగిందిరోయ్, చాప సవరించండి” అని ఒక కేక వేసేవాడు. ఆయన పైకి చూసిందీ లేదు, చెయ్యెత్తి గాలి పట్టిందీ లేదు. గాలి సంగతి ఆయన చంకకి తెలిసేది. ఇప్పుడు నేను చెప్పబోయే వాదమంతా ఆ చంకలోంచి వచ్చిందే. మీకు నవ్వొస్తే నవ్వుకోండి.

మా చెల్లెలు అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటోంది. మనవాళ్ళు బెల్‌వ్యూ, రెడ్మండ్ అంటూ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నింపేశారు. గోంగూర దగ్గర్నించి గుమ్మడి వడియాల దాకా దొరకనిది లేదట. ఊరికి తూర్పున వాషింగ్టన్ సరస్సు, నడిమధ్యన యూనియన్ సరస్సు, పడమట పుగెట్ సౌండ్ అనే ఉప్పునీళ్ళు. ఇన్ని నీళ్ళ మధ్య పదేళ్ళు గడిపాక మా చెల్లెలికి నలభయ్యో ఏట తెరచాప పడవ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. రెండు వేసవులు యూనియన్ సరస్సు మీద నేర్చుకుంది. భార్యకి వచ్చిన విద్య తనకి రాకపోతే బాగుండదని మా మరిది కూడా నాలుగు శనివారాలు వెళ్ళాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాత పడవ ఒకటి కొనుక్కుందామని నిశ్చయించారు. 27 అడుగుల క్యాటలినా. 1971 నుంచి దాదాపు ఇరవయ్యేళ్ళ పాటు ఆరువేలకి పైగా చేసిన రకం కనక పాతవి ఇప్పటికీ అమ్మకానికి వస్తూంటాయి. వీళ్ళకి రెండు దొరికాయి. రెండింటికీ ధర ఇంచుమించు ఒకటే. ఒకదానికి చుక్కాని కర్ర ఉంది. రెండోదానికి ఎవరో ముచ్చటపడి చక్రం పెట్టించారు. అక్కడ మొదలైంది.

పడవ వెనక నీళ్ళలో నిలువుగా ఒక పలక ఉంటుంది. అదే చుక్కాని. పడవ నడుస్తుండగా ఆ పలకని పక్కకి తిప్పితే పడవ తోక ఒక వైపుకి జరిగి, ముక్కు రెండో వైపుకి తిరుగుతుంది. పలక తలకి ఒక కర్ర బిగించి దాన్ని చేత్తో పట్టుకున్నారనుకోండి, అది టిల్లరు. మనం చుక్కాని కర్ర అందాం. ఆ కర్ర పీకేసి, ఒక స్తంభం పాతి, దానికి చక్రం పెట్టి, చక్రం వెనక గొలుసు, గొలుసుకి ఉక్కుతీగలు, తీగలు పాకడానికి కప్పీలు, చివరికి చుక్కాని ఇరుసుకి బిగించిన విసనకర్రలాంటి ఇనపముక్క, ఇంత సంసారం పెడితే అది చక్రం. కర్ర అయితే చేతికీ చుక్కానికీ మధ్య ఎవరూ లేరు. చక్రమైతే అరడజను మంది మధ్యవర్తులు. పెళ్ళిసంబంధాలు చూసిన తల్లులకి వేరే చెప్పక్కర్లేదు, మధ్యవర్తులు పెరిగినకొద్దీ చెప్పిన మాట ఏ రూపంలో అవతలికి చేరుతుందో.

మా మరిది ఫోన్లో రెండు పడవల బొమ్మలూ చూపించి, “వదినగారూ, మీరు రచయిత్రులు. నిష్పక్షపాతంగా చెప్పండి. చక్రం చూడండి ఎంత దర్జాగా ఉందో! అచ్చం కారు నడిపినట్టే ఉంటుంది” అన్నాడు.

కారు నడిపినట్టుంటుందనేది చక్రం వాళ్ళందరూ ముందుగా చెప్పే మాట. నా దృష్టిలో దాన్ని కొనకపోవడానికి అదే మొదటి కారణం. ఎందుకంటే పడవ కారు కాదు. కారుని ముందు చక్రాలు తిప్పుతాయి, వెనకభాగం బుద్ధిగా వెంట వస్తుంది. పడవకి తిరిగేది తోక. ముక్కు కుడికి పోతోందని మురిసిపోయే లోపల తోక ఎడమకి ఊగి రేవు గట్టుని గీరేస్తుంది. పైగా కారుకి ఉన్న బ్రేకు దీనికి లేదు. చేతిలో కర్ర ఉంటే, నేను తోక పట్టుకున్నానన్న సంగతి మర్చిపోలేం. చక్రం పెట్టుకుంటే పడవ “నేను కారునే” అని అబద్ధం చెబుతూ ఉంటుంది, మనం నమ్ముతూ ఉంటాం.

“మరి కర్ర తలకిందులు కదండీ! ఎడమకి తోస్తే కుడికి తిరుగుతుంది. కొత్తవాళ్ళు తికమకపడరూ?” అన్నాడు.

తికమక నిజమే. ఎంతసేపు? పది నిమిషాలు. హుస్సేన్‌సాగర్ మీద పిల్లలు తిప్పే ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలు మీరు చూసే ఉంటారు. ఎనిమిదడుగులు కూడా ఉండదు, స్నానాలతొట్టికి చాప కట్టినట్టుంటుంది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే తయారుచేశాడు. ఇవాళ ప్రపంచంలో పెద్ద పెద్ద నావికులు సగం మంది ఓనమాలు దిద్దింది అందులోనే అంటారు. దానికి ఉండేది కర్రే. మా పక్కింటి పదేళ్ళ పిల్ల మొదటి రోజు మధ్యాహ్నానికి అటూ ఇటూ తిప్పడం పట్టేసి, సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలో గరిటె పెట్టి నాకు పాఠం చెప్పింది. చదువుకున్న పెద్దవాళ్ళకి అంతమాత్రం రాకపోతే లోపం కర్రది కాదు.

ఈ తలకిందుల వ్యవహారానికి ఒక చరిత్ర ఉంది, అది మాత్రం చెప్పకుండా ఉండలేను. 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండ కనబడగానే టైటానిక్ మీద మర్డాక్ అనే అధికారి ఇచ్చిన ఆజ్ఞ ‘హార్డ్ ఎ స్టార్‌బోర్డ్’. స్టార్‌బోర్డంటే కుడి. ఓడ తిరిగింది ఎడమకి! ఎవరో కంగారులో పొరబడ్డారని చాలామంది అనుకుంటారు. పొరపాటేమీ లేదు. ఆ రోజుల్లో ఆజ్ఞలు చుక్కాని కర్ర భాషలో ఇచ్చేవారు. కర్రని కుడికి తొయ్యి అంటే, ఓడని ఎడమకి తిప్పమని అర్థం. ఓడల్లోకి చక్రాలు వచ్చింది పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో. అంత మహానౌకలో చక్రం ఉంది, ఆవిరి యంత్రాలున్నాయి, కర్ర మనిషి కంటికి కనబడే చోటే లేదు. అయినా రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా నోటిమాట కర్రదే! 1929లో లండన్లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరాక, 1930లలో గాని బ్రిటిషు ఓడల మీద ఆ భాష మారలేదు. అంచేత తలకిందులుగా ఉంది అని కర్రని వెక్కిరించే వాళ్ళు కాస్త పెద్దరికం చూసి మాట్లాడాలి.

ఇంతవరకూ నవ్వుతూనే మాట్లాడుకున్నాం. తర్వాత మా మరిది అన్నమాటకి మాత్రం నాకు ఒళ్ళు మండింది. “అది కాదండీ వదినగారూ, ఇది తన కోసమే చెబుతున్నాను. గాలి ఎక్కువైతే కర్ర లాగాలంటే బలం కావాలి. ఆడవాళ్ళకి చక్రమైతే సులువు.”

చూశారా? తనకి కావలసిన వస్తువు, ఆవిడ సుఖం పేరు మీద! ఈ వాదం మనకి కొత్తా? మన ఇళ్ళల్లో సగం వస్తువులు ‘నీ కోసమే’ అంటూ వచ్చినవే కదూ. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా మన చేతిలోంచి ఏదో ఒక పని తెలివి జారిపోయిన సంగతి ఎవరూ లెక్క రాయలేదు.

బలం సంగతే తీసుకుందాం. 27 అడుగుల పడవలో కర్ర లాగడానికి భుజాలు పీకుతున్నాయంటే బలం చాలక కాదు, చాప ఎక్కువై. గాలి హెచ్చి పడవ పక్కకి ఒరిగినకొద్దీ దాని ముక్కు గాలి వైపుకి తిరుగుతానంటుంది. కర్ర మన చేతిలోంచి అవతలికి లాక్కుపోతుంది. కాస్త లాగుతూ ఉంటే మంచిదే, పడవకి ప్రాణం ఉందన్నమాట. మరీ లాగిందంటే అది పడవ చెప్పే ఫిర్యాదు. నాకు మొయ్యలేనంత చాప కట్టారు, కాస్త దించండి మహాప్రభో అని. అప్పుడు చెయ్యాల్సింది చాప కుదించడం. కుదిస్తే కర్ర మళ్ళీ వేలి మీద ఆడుతుంది. పడవ వేగం కూడా తగ్గదు, ఎందుకంటే అంతసేపూ అడ్డం తిరిగి ఉన్న చుక్కాని నీళ్ళలో బ్రేకులా ఈడుస్తోంది.

చక్రం ఏం చేస్తుంది? ఆ ఫిర్యాదుని తీగల్లో, కప్పీల్లో కలిపేసుకుంటుంది. పెద్ద చక్రం కనక సులువుగానే తిరుగుతుంది. పట్టుకున్నాయన “ఎంత హాయిగా ఉందో!” అంటూ ఉంటాడు. పడవ మాత్రం అడ్డదిడ్డంగా ఒరిగిపోతూ ఉంటుంది.

మన ఇళ్ళల్లో రుబ్బురోలు ఉన్న రోజులు గుర్తున్నాయా? పొత్రం తిప్పుతూంటే పిండి ఎప్పుడు గట్టిపడిందో, ఎప్పుడు చారెడు నీళ్ళు పొయ్యాలో చెయ్యే చెప్పేది. ఇప్పుడు గ్రైండరు ఆపి, మూత తీసి, వేలు పెట్టి చూసుకోవాలి. గ్రైండరు వద్దని నేననను, నాకూ నడుం నొప్పి ఉంది. కానీ రుబ్బితే రెండు గరిటెల పిండి వచ్చే పనికి మూడు కిలోల గ్రైండరు ఎవరైనా దింపుతారా? నా తగాదా అంతే. ఓడకి చక్రం ఉండాలి. పిడికెడు పడవకి ఎందుకు?

ఇందులో బలం, ఆడతనం అన్న మాటే పొరబాటని ఇంకో ఉదాహరణ. మద్రాసు అమ్మాయి నేత్రా కుమనన్ తెరచాప పందేల్లో ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించిన తొలి భారతీయ మహిళ. 2021లో టోక్యోలో పోటీ చేసింది. ఆవిడ నడిపింది 14 అడుగులైనా లేని లేజర్ పడవ. దానికి ఉండేది కర్ర, ఆ కర్రకి చివర ఇంకో సన్నటి పొడుగుకర్ర. పడవ అంచు మీంచి బయటికి వాలి, ఒక చేత్తో ఆ పొడుగుకర్ర, రెండో చేత్తో చాప తాడు. దాన్ని చూస్తూ ‘ఆడవాళ్ళకి సులువు’ అనే మాట నోట్లోంచి ఎలా వస్తుందో!

ఆ వేసవిలోనే నేను అక్కడికి వెళ్ళాను. ఏ పడవ కొనాలో తేలలేదు కనక, చక్రం రుచి చూపిస్తానని మా మరిది ఒక శనివారం 30 అడుగుల పడవ అద్దెకి తీసుకున్నాడు. ఎవరి దగ్గరన్నది ఇక్కడ అనవసరం. పొద్దున్నే పులిహోర, దద్దోజనం కట్టుకుని, పిల్లలిద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగి షిల్షోల్ రేవు నించి బయల్దేరాం. అక్కడి నీళ్ళు వేసవిలో కూడా మంచుగడ్డలే. పడితే ఈతొచ్చినవాళ్ళయినా కాసేపటికి చేతులు ఆడించలేరని ముందే హెచ్చరించారు. పైగా కార్లని మింగేసి తిరిగే పెద్ద పెద్ద ఫెర్రీలు అటూ ఇటూ పోతూంటాయి.

మధ్యాహ్నం రెండింటికి గాలి పెరిగింది. మా మరిది చక్రం వెనక నల్ల కళ్ళజోడుతో నిలబడి, నిజంగానే దర్జాగా ఉన్నాడు. ఉన్నట్టుండి ఆయన ముఖం పాలిపోయింది. చక్రం గిరగిరా తిరుగుతోంది. పడవ మాత్రం దానికీ నాకూ సంబంధం లేదన్నట్టు తన దారిన తను పోతోంది. లోపల ఎక్కడో తీగ జారిపోయింది. అది ఏ కప్పీ దగ్గర జారిందో, జారబోతోందని ఎన్ని రోజుల్నించి మూలుగుతోందో, పైనున్న వాళ్ళకి తెలిసే మార్గం లేదు.

మా చెల్లెలు కేకలు వెయ్యలేదు. “ఏమండీ, అది వదిలెయ్యండి, ఇంజను వెయ్యండి” అంది. చాప తాళ్ళు వదిలేసింది. పడవ తనంతట తానే ముక్కు గాలికి తిప్పి, చాపలు టపటపా కొట్టుకుంటూ నెమ్మదించింది. చాపల చప్పుడికి చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. ఎడంవైపు దూరంగా ఫెర్రీ కూత వినబడింది. ఎంత దూరమో నాకు అంచనా లేదు, నా కంటికి మాత్రం మా గుమ్మంలో ఉన్నట్టే ఉంది. చెల్లెలు వెనక పెట్టె మూత తీసి, అందులోంచి గొట్టాలు, బక్కెట్టు, పాత తాళ్ళు ఒక్కొక్కటే నా మీదకి విసిరేసి, అడుగునించి తుప్పుపట్టిన ఒక ఇనపకడ్డీ పైకి తీసింది. నేల మీద చిన్న బిళ్ళ తీసి, కింద ఉన్న చుక్కాని ఇరుసు నెత్తిన ఆ కడ్డీ గుచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది.

అదేమిటనుకున్నారు? చుక్కాని కర్ర!

ఈ ఒక్క సంగతి చాలు, నేను ఇంక వాదించక్కర్లేదు. చక్రం ఉన్న పడవల్లో ఆపద్ధర్మం కోసమని పెట్టె అడుగున ఒక కర్ర దాచి ఉంచుతారు. కర్ర ఉన్న పడవలో ఆపద్ధర్మానికి చక్రం దాచుకున్నవాళ్ళని మీరెక్కడైనా విన్నారా? ఇంతోటి దానికి ఆ కర్రనే మొదటినించీ పైన పెట్టుకుంటే పోదా! పైగా ఆ దాచిన కర్రేమో పొట్టిది, దాన్ని తిప్పబోతే ఎదురుగా ఉన్న చక్రమే అడ్డం. మా చెల్లెలి మోచెయ్యి నాలుగు రోజులు వాచింది. ఇంజను మీద నెమ్మదిగా రేవు చేరేసరికి సాయంత్రం ఆరయింది. అద్దెకిచ్చినవాళ్ళు నొచ్చుకుని డబ్బు తిరిగిచ్చేశారు. పులిహోర ఎవరూ ముట్టలేదు.

“కర్ర మాత్రం విరగదా?” అన్నాడు మా మరిది, మర్నాడు కాస్త తేరుకున్నాక. విరుగుతుంది. కానీ విరిగేది కంటికి ఎదురుగా ఉన్న వస్తువు. పగులు బారుతుంటే ముందే కనబడుతుంది. విరిగినా ఇంకో కర్రో, తెడ్డు పిడో కట్టుకోవచ్చు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఇంగ్లీషాయన ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి. 1968 జూన్‌లో బయల్దేరి 312 రోజులకి 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. ఆయన పడవ సుహైలీ మన బొంబాయిలో టేకుతో చేసిన 32 అడుగుల పడవ. దానికున్నది కర్రే. తనంతట తానే పడవని దారిలో పెట్టే యంత్రం ఒకటి అమర్చుకున్నాడు గాని అది సగం దారిలోనే పాడైపోయింది. చాపల బిగువు సరిచూసి, చుక్కానిని కట్టేసి, మిగతా సముద్రాలు దాటేశాడు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. చక్రం ఎక్కడా పనికిరాదని నేననడం లేదు. మన నావికాదళం ఆడపిల్లలు ఆరుగురు తారిణి మీద భూప్రదక్షిణం చేశారు, గుర్తుందా? 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చారు, 254 రోజులు. ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళే. విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. తారిణి 55 అడుగుల పడవ, దానికి చక్రమే ఉంది. ఉండాలి కూడా. అంత పడవ చుక్కాని మీద దక్షిణ సముద్రాల కెరటాలు కొడుతుంటే గంటల తరబడి కర్ర పట్టుకోవడం మనుషుల పని కాదు. అయితే ఒక్క మాట. తిరుగుప్రయాణంలో వాళ్ళు అనుకోకుండా మారిషస్‌లో ఆగవలసి వచ్చింది, స్టీరింగ్ యంత్రాంగం పాడయ్యే! వాళ్ళకున్న నైపుణ్యంతో బాగుచేయించుకుని బయటపడ్డారు. మనలాంటి శనివారపు నావికులం ఏం చేసేవాళ్ళమో ఆలోచించండి.

ఇంకో రెండు నిజాలు కూడా ఒప్పుకుంటాను. కర్ర పట్టుకుని ఆరు గంటలు పక్కకి తిరిగి కూర్చుంటే మెడ పట్టేస్తుంది. చక్రం వెనక నిలబడితే ముందున్నదంతా తిన్నగా కనబడుతుంది. మణికట్టు నొప్పులున్నవాళ్ళకి, వయసు మళ్ళినవాళ్ళకి చక్రం సుఖమే. నలభై అడుగుల పడవ కొనే స్తోమతుంటే నిక్షేపంగా పెట్టించుకోండి. ఆ మాటకొస్తే ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే 60 అడుగుల పందెపు పడవల్లో కూడా చాలావాటికి కర్రలే ఉంటాయి, కాని ఆ పడవల ఖర్చు, ఆ మనుషుల ధోరణి వేరు. ఆ గొడవ మనకెందుకు?

చిన్న పడవలో జాగా సంగతి మాత్రం ఇల్లు సర్దుకునే మనకే తెలియాలి. 27 అడుగులనగానే పెద్ద మేడ ఊహించుకోకండి. వెనక మనుషులు కూర్చునే గుంట మన వంటింటి గట్టంత ఉంటుంది. అందులో ఒక స్తంభం, దాని మీద బండి చక్రమంత చక్రం! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది. దాన్ని దాటి వెనక్కి వెళ్ళాలంటే చీర కాదు, పంట్లాం కట్టుకున్నా కాళ్ళకి తగులుతుంది. కర్ర నడుస్తున్నంతసేపూ అటూ ఇటూ ఊగి మోకాళ్ళకి తగిలే మాట నిజమే. లంగరు వేశాక మాత్రం పైకెత్తి తాడుకి కట్టేస్తే, ఆరుగురం ఎదురుబొదురుగా కూర్చుని భోంచెయ్యచ్చు.

“అమ్మేటప్పుడు చక్రం పడవకే గిరాకీ” అనేది మా మరిది ఆఖరి అస్త్రం. పెళ్ళిచూపుల్లోనే విడాకుల లెక్కలు వేసే మనిషికి నేనేం చెప్పను?

కానీ నన్ను నిజంగా కర్ర పక్షాన నిలబెట్టింది తీగలూ కాదు, జాగా కాదు. అద్దె పడవలో ఆ పొద్దున నేను చూసిన ఒక దృశ్యం. చక్రం వెనక ఒక మనిషి నిలబడే చోటు ఉంటుంది. అక్కడ ఎవరు నిలబడ్డారు? మా మరిది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కారెక్కేటప్పుడు ఎడంవైపు తలుపు ఎవరు తీస్తారో, అమెరికాలో నడిపేవాళ్ళు కూర్చునేది ఎడంవైపే కదా, అంత సహజంగా వెళ్ళి నిలబడ్డాడు. రెండు వేసవులు నేర్చుకున్నది మా చెల్లెలు. నాలుగు శనివారాలు వెళ్ళింది ఆయన. అయినా మా చెల్లెలు కూడా ఏమీ అనుకోకుండా, చిన్నవాడి టోపీ కట్టి, ప్లాస్కు మూత తీసి, “ఏమండీ, కాఫీ” అంది. చెడ్డవాడని కాదు సుమండీ, బంగారంలాంటి మనిషి, ఇంట్లో గిన్నెలు తనే కడుగుతాడు. చక్రం ఆయన్ని పిలిచింది. చక్రమంటే మొగవాడి చోటని మనందరి బుర్రల్లో ఎప్పట్నించో ఉంది. బల్లకట్టు లాగా అందరూ పక్కపక్కన కూర్చునే చోట, ఎవరి చెయ్యి దగ్గరుంటే వాళ్ళు పట్టుకునే కర్రకి ఆ హోదా లేదు. చెల్లెలు యూనియన్ సరస్సు మీద నేర్చుకునేటప్పుడు, కర్ర ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళకి మజ్జిగ గ్లాసులా మారుతూ ఉండేదట.

ఆ సాయంత్రం రేవు గట్టు మీద కూర్చుని మోచేతికి మంచుగడ్డ అద్దుకుంటూ మా చెల్లెలు నాతో ఒక మాట అంది. “అక్కా, భయం వెయ్యలేదు. నీకో సంగతి చెప్పనా? ఆ కడ్డీ చేతిలోకి వచ్చిన తర్వాతే నాకు ఇవాళ పడవెక్కినట్టనిపించింది.”

నేనేమీ అనలేదు. మా మరిది పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనడానికి వెళ్ళి ఉన్నాడు.

కర్ర ఉన్న పడవే కొన్నారు. నా తీర్పు వల్ల అని చెప్పుకుంటాను గాని, తీగ జారిపోవడం వల్లనే అని మా మరిది అంటాడు. ఆ కర్ర ఎండకీ వానకీ పాడవకుండా చెల్లెలు ఏటా దానికి వార్నీషు పూస్తుంది. అమ్మ పాత వెంకటగిరి చీర అంచుతో తొడుగు కుట్టింది. ఆ ఊళ్ళో రేవులో జరీ అంచు తొడుగు ఉన్న పడవ అదొక్కటేనట.

మొన్న ఆదివారం ఫోను చేశాను. మరిది ఎత్తాడు. వెనకాల నీళ్ళ చప్పుడు.

“చెల్లాయి ఏదండీ?”

“వెనకాల ఉంది వదినగారూ, చుక్కాని దగ్గర. నేను ముందు తాళ్ళ దగ్గరున్నాను. గంట నించి అడుగుతున్నాను ఓసారి ఇమ్మని. ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అంటోంది.”

ఇంతలో వెనకనించి కేక వినబడింది. “ఏమండీ, గాలి తిరుగుతోంది, ఆ తాడు చూడండి!”

“ఉంటానండీ,” అని ఆయన ఫోను పెట్టేశాడు.